గోడలు దాటే తరంగాలు: వై-ఫై ప్రమాణాలు, భద్రత



ఉత్తర ఢిల్లీలో ముఖర్జీ నగర్ అనే పేట ఉంది. మెట్రో పసుపు లైనులో గురు తేగ్ బహదూర్ నగర్ స్టేషన్‌లో దిగి ఈ-రిక్షా ఎక్కితే కొద్దిసేపట్లో అక్కడికి చేరుకోవచ్చు. బత్రా సినిమా పేరే ఆ పేటకు ఆనవాలు. సివిల్స్, ఎస్సెస్సీ, బ్యాంకు పరీక్షలకు చదువుకోవడానికి దేశం నలుమూలల నుంచి యువతీ యువకులు అక్కడికి చేరతారు. మీ ఊరి అన్నయ్యో, అక్కయ్యో అక్కడ ఉండి చదువుకుంటూ ఉండవచ్చు. ఇరుకు సందులు, నాలుగైదు అంతస్తుల ఇళ్లు, అంతస్తుకు నాలుగైదు గదులు, గదికి ఇద్దరు ముగ్గురు. ఆ ఇరుకు ఎంత ప్రమాదకరమో 2023 జూన్ 15న దేశమంతా టీవీల్లో చూసింది. ఒక కోచింగ్ భవనంలో మంటలు చెలరేగి, విద్యార్థులు తాళ్లు పట్టుకుని కిటికీల్లోంచి దిగవలసి వచ్చింది.

ఆ ఇరుకులోనే కంటికి కనిపించని మరొక రద్దీ ఉంది. అది రేడియో తరంగాల రద్దీ. అలాంటి ఒక ఇంట్లో మూడో అంతస్తు గదిలో కూర్చుని ఫోన్‌లో వై-ఫై జాబితా తెరిచారనుకోండి. ఇరవై ముప్పై పేర్లు వరుసగా కనిపిస్తాయి. పక్కింటివి, ఎదురింటివి, కింద ఉన్న చదువుకునే లైబ్రరీది, టిఫిన్ బండి వెనకాల కొట్టువాడిది. మీ ఇంటి రూటరు సంకేతం వాళ్ల గదుల్లోకి వెళుతున్నట్టే, వాళ్లవి మీ గదిలోకి వస్తున్నాయి. తీగకు హద్దు ఉంటుంది, తరంగానికి ఉండదు. ఈ పాఠంలో మనం చెప్పుకోబోయే విషయమంతా ఈ ఒక్క సంగతి నుంచే పుట్టింది. ఒకే గాలిని ఇంతమంది ఎలా పంచుకుంటున్నారు? పంచుకుంటూనే ఎవరి మాట వారికే ఎలా దక్కుతుంది? దక్కని సందర్భాలేమిటి?

పేరులో ఏముంది?

ముందుగా పోటీ పరీక్షలు రాసేవారికి ఒక మాట. వై-ఫై అంటే 'వైర్‌లెస్ ఫిడెలిటీ'కి పొట్టిపేరు అని చాలా గైడ్లలో కనిపిస్తుంది. అది సరికాదు. 1999లో పరికరాల తయారీదారులు కలిసి ఒక సంఘంగా ఏర్పడి, తమ సాంకేతికతకు జనం నోట పలికే పేరు కావాలని ఒక పేర్ల తయారీ సంస్థను అడిగారు. హై-ఫై అనే మాటకు ప్రాసగా వచ్చిన పేరు వై-ఫై. దానికి విస్తరణ లేదు.

అసలు పేరు 802.11. విద్యుత్, ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ల అంతర్జాతీయ సంస్థ అయిన ఐ ట్రిపుల్ ఈ తన ప్రమాణాలకు ఇచ్చే వరుస సంఖ్య అది. ప్రమాణం అంటే ఏమిటి? బల్బు ఏ కంపెనీదైనా హోల్డరులో పట్టాలంటే రెంటి కొలతలూ ముందే ఒప్పుకుని ఉండాలి కదా. ఏ కంపెనీ ఫోన్ అయినా ఏ కంపెనీ రూటరుతోనైనా మాట్లాడాలంటే ఏ పౌనఃపున్యంలో పలకాలి, ఎంతసేపు పలకాలి, ఎప్పుడు ఆగాలి అనేవన్నీ ముందే రాసి పెట్టుకోవాలి. ఆ రాతకోతలే ప్రమాణం.

దీనికి దారి వేసింది 1985లో అమెరికా కమ్యూనికేషన్ల కమిషన్ తీసుకున్న నిర్ణయం. పరిశ్రమలకు, మైక్రోవేవ్ పొయ్యిలకు వదిలేసిన పౌనఃపున్యాలను లైసెన్సు లేకుండానే సమాచార ప్రసారానికి వాడుకోవచ్చని అది అనుమతించింది. పనికిరాదని వదిలేసిన పోరంబోకు నేలలో తోట పెరిగినట్టు, వై-ఫై అక్కడ పెరిగింది. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండును తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కర లేకుండా 2005 జనవరిలో విడుదల చేశారు. 5 గిగాహెర్ట్జ్ బ్యాండులో 2018లో మరింత విస్తారంగా, ఆరుబయట వాడకానికి కూడా అనుమతి ఇచ్చారు.

వేగాల సంగతి త్వరగా చెప్పుకుందాం. 1997 నాటి మొదటి ప్రమాణం సెకనుకు 2 మెగాబిట్లు మాత్రమే పంపేది. 1999లో 802.11బి దాన్ని 11కు పెంచింది. అదే ఏడాది వచ్చిన 802.11ఎ, 2003లో వచ్చిన 802.11జి 54కు చేరాయి. 2009లో 802.11ఎన్ గరిష్ఠంగా 600కు తీసుకెళ్లింది. ఆ తరువాత 2013లో ఏసీ, 2021లో ఏఎక్స్ ప్రమాణాలు వెలువడ్డాయి. ఈ అక్షరాలతో జనం తికమక పడుతున్నారని 2018లో వై-ఫై 4, 5, 6 అని సులువైన అంకెలు ఇచ్చారు. ఎన్ అంటే 4, ఏసీ అంటే 5, ఏఎక్స్ అంటే 6. వై-ఫై 7 పరికరాలకు ధ్రువీకరణ 2024 జనవరిలో మొదలైంది. పెట్టె మీద అచ్చువేసే వేగం ప్రయోగశాలలోది. ఇంట్లో అందులో సగం వస్తే సంతోషించాలి.

802.11ఎన్‌లో వేగం ఒక్కసారిగా పెరగడానికి ముఖ్య కారణం ఒకటికి బదులు అనేక యాంటెన్నాలు వాడడం. పంపేవైపు, అందుకునేవైపు కూడా యాంటెన్నాలు ఎక్కువగా ఉంటే, గోడలకు తగిలి చెదిరే తరంగాలు అడ్డంకి కావడానికి బదులు వేర్వేరు దారులుగా ఉపయోగపడతాయి. ఈ ఆలోచనకు 1990ల తొలినాళ్లలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో పునాది వేసినవారు భారతీయుడు ఆరోగ్యస్వామి పాల్‌రాజ్. థామస్ కైలాత్‌తో కలిసి 1992లో పేటెంటుకు దరఖాస్తు చేశారు, 1994లో అది మంజూరైంది. పాల్‌రాజ్ అంతకుముందు భారత నౌకాదళంలో పనిచేశారు. జలాంతర్గాములను పసిగట్టే అప్సో అనే సోనార్ వ్యవస్థ నిర్మాణానికి నాయకత్వం వహించారు. డాక్టరేటు చేసింది ఐఐటీ ఢిల్లీలో. ముఖర్జీ నగర్ వారు ఎక్కే అదే పసుపు లైను మెట్రో ఈనాడు హౌజ్ ఖాస్ మీదుగా ఆ ఐఐటీ దగ్గరికీ వెళుతుంది. నీటి అడుగున శబ్దాన్ని వినడం నేర్చిన మనిషి గదిలోని గోడల ప్రతిధ్వనిని పనికి పెట్టాడని గుర్తు పెట్టుకుంటే ఈ సూత్రం మరచిపోరు.

రద్దీ ఎందుకు?

2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో మనకు 1 నుంచి 13 వరకు చానెళ్లు ఉన్నాయి. పదమూడు ఉన్నాయి కదా, సరిపోతాయి అనుకుంటాం. కాని ఒక చానెల్ మధ్యబిందువుకు, పక్క చానెల్ మధ్యబిందువుకు దూరం 5 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఒక్కొక్క చానెల్ వెడల్పు మాత్రం సుమారు 20. అంటే ఒకటో చానెల్‌లో మాట్లాడేవాడి గొంతు రెండు, మూడు, నాలుగు చానెళ్లలోనూ వినిపిస్తుంది. ఒకదానికొకటి తగలకుండా నిలిచేవి మూడే: 1, 6, 11. ముప్పై రూటర్లు, మూడు దారులు. లెక్క మీరే వేసుకోండి. 5 గిగాహెర్ట్జ్‌లో ఇలా తగలని చానెళ్లు ఇరవైకి పైగా ఉన్నాయి. అయితే ఆ తరంగదైర్ఘ్యం సుమారు 6 సెంటీమీటర్లే, 2.4లో 12.5 సెంటీమీటర్లు. పొట్టి తరంగాలు ఇటుక గోడ దాటేసరికి ఎక్కువగా నీరసించిపోతాయి. ఇరుకు ఇళ్లలో ఇది దోషం కాదు, వరం. పక్కింటివాడి సంకేతం కూడా గోడ దగ్గరే ఆగుతుంది.

ఒకే చానెల్‌లో ఉన్నవారు ఒకరి తరువాత ఒకరు మాట్లాడతారు. ప్రతి పరికరం ముందు చెవి ఒగ్గి వింటుంది. ఎవరూ మాట్లాడడం లేదని తేలితే కాసేపు, ఆ కాసేపు ఎంతో పాచిక వేసినట్టు యాదృచ్ఛికంగా నిర్ణయించుకుని, ఆగి, అప్పుడు పంపుతుంది. మర్యాద తెలిసినవాళ్ల పంచాయతీ అన్నమాట. అయితే ఈ మర్యాదలో ఒక చిక్కు ఉంది. నియమం అందరికీ సమానమైన అవకాశాలు ఇస్తుంది కాని సమానమైన సమయం ఇవ్వదు. 1500 బైట్ల పొట్లం అంటే 12,000 బిట్లు. రూటరుకు దగ్గరగా కూర్చుని 54 మెగాబిట్ల వేగంతో పంపేవాడికి అది పట్టే సమయం సెకనులో లక్షవంతులు 22. మెట్ల మలుపులో పాత ఫోన్‌తో, సంకేతం అందీ అందక 1 మెగాబిట్ వేగంతో పంపేవాడికి అదే పొట్లానికి పట్టేది సెకనులో లక్షవంతులు 1200. యాభై నాలుగు రెట్లు. ఆ ఒక్కడి నత్తనడక వల్ల అందరి వేగమూ పడిపోతుంది. పరీక్షల ముందు రోజుల్లో వీడియో పాఠం ఆగి ఆగి వస్తుంటే కంపెనీని తిట్టుకునే ముందు ఆ మెట్ల మలుపు వైపు కూడా ఒకసారి చూడండి.

తాళం కథ

ఇక అసలు విషయానికి వద్దాం. గాలిలో వెళ్లే మాటను చుట్టుపక్కల ఎవరైనా వినవచ్చు. వినకుండా ఆపలేం. విన్నా అర్థం కాకుండా చేయగలం. దాన్నే ఎన్‌క్రిప్షన్ అంటారు, అంటే మాటను తాళంచెవి ఉన్నవారికి మాత్రమే విడిపోయే రహస్య లిపిలోకి మార్చడం.

1997 ప్రమాణంతోపాటు వచ్చిన మొదటి తాళం పేరు వెప్. దాని పూర్తి పేరుకు అర్థం 'తీగతో సమానమైన గోప్యత'. పేరు ఘనం. పని మాత్రం చాలలేదు. ఎందుకో కొంచెం లోతుగా చూద్దాం, ఎందుకంటే తాళాలు ఎలా విరుగుతాయో దీనంత చక్కగా చెప్పే ఉదాహరణ మరొకటి లేదు.

వెప్ ప్రతి పొట్లానికీ తాళంచెవి నుంచి పొడవాటి అంకెల దండ ఒకటి తయారు చేసి, దాన్ని మీ సందేశంతో కలిపి పంపుతుంది. ఒకే దండను రెండుసార్లు వాడితే ప్రమాదం. రెండు రహస్య సందేశాలను ఒకదానితో ఒకటి కలిపినప్పుడు ఆ దండ కొట్టివేయబడి, రెండు సందేశాల మిశ్రమం బయటపడుతుంది. అందుకని ప్రతి పొట్లానికీ ఒక కొత్త సంఖ్యను చేర్చి దండను మార్చాలన్నారు. ఆ సంఖ్యకు ఇచ్చిన చోటు 24 బిట్లు. అంటే 1,67,77,216 సంఖ్యలు. పెద్దదిగానే కనిపిస్తుంది. కాని 11 మెగాబిట్ల నెట్‌వర్క్ తీరిక లేకుండా పనిచేస్తే సుమారు 5 గంటల్లో అవన్నీ అయిపోతాయి. సంఖ్యలను యాదృచ్ఛికంగా ఎంచుకుంటే ఇంకా నయం అనుకోకండి, ఇంకా అన్యాయం. ఇరవై ముగ్గురున్న తరగతిలో ఇద్దరి పుట్టినరోజు ఒకటే కావడానికి సగానికి మించిన అవకాశం ఉందని మీ గణితం మాస్టారు చెప్పే ఉంటారు. అదే లెక్క ఇక్కడ వేస్తే, సుమారు 4,800 పొట్లాలు దాటేసరికే ఒక సంఖ్య మళ్లీ రావడానికి సగం అవకాశం ఏర్పడుతుంది.

ఇది చాలదన్నట్టు 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే శాస్త్రవేత్తలు ఆ దండ తయారయ్యే పద్ధతిలోనే లోపం ఉందని, తగినన్ని పొట్లాలు పోగుచేస్తే తాళంచెవినే లాగవచ్చని నిరూపించారు. 2007లో జర్మనీలోని డార్మ్‌స్టాట్ పరిశోధకులు ఆ పని నిమిషం లోపు అయిపోతుందని చూపించారు. ఇది కాగితం మీది లెక్క మాత్రమే కాదు. అమెరికాలో టీజేఎక్స్ అనే దుకాణాల సంస్థ వెప్ తాళంతో వై-ఫై నడిపింది. దొంగలు 2005లో ఒక దుకాణం బయటి నుంచి ఆ వై-ఫై ద్వారా లోపలికి చొరబడ్డారు. కనీసం 4 కోట్ల 57 లక్షల కార్డుల వివరాలు పోయాయని 2007లో ఆ సంస్థ వెల్లడించింది.

వెప్ పనికిరాదని తేలాక 2003లో డబ్ల్యూపీఏ వచ్చింది. అది పాత పరికరాలకు వేసిన కట్టులాంటిది. 2004లో వచ్చిన డబ్ల్యూపీఏ2 అసలైన చికిత్స. అది వాడే రహస్య లిపి పద్ధతి పేరు ఏఈఎస్, బెల్జియం వారైన డేమెన్, రైమెన్ రూపొందించినది. ఆ లిపిని నేరుగా విప్పిన వారు నేటివరకు లేరు. 2006 మార్చి నుంచి వై-ఫై గుర్తు కావాలంటే డబ్ల్యూపీఏ2 ఉండి తీరాలన్నారు. ఇప్పటికీ చాలా ఇళ్లలో ఉన్నది అదే.

గోడ మీద రాసిన పాస్‌వర్డ్

లిపి గట్టిదే. మరి మన ముఖర్జీ నగర్ ఇంటికి వద్దాం. ఇంటి యజమాని ఒక కనెక్షన్ తీసుకుని, ఇరవై మందికి పంచుతాడు. పాస్‌వర్డ్ అతని ఫోన్ నంబరు. దాన్ని మెట్ల దగ్గర గోడకు అంటించాడు. ఇందులో రెండు వేర్వేరు బలహీనతలున్నాయి. రెండూ కలిపి చెప్పుకుంటే గందరగోళం, విడదీసి చూడండి.

మొదటిది బయటివాడి నుంచి. మీ ఫోన్ రూటరుతో చేరేటప్పుడు రెండింటి మధ్య నాలుగు చిన్న సందేశాలు నడుస్తాయి. పాస్‌వర్డ్‌ను పైకి పలకకుండానే 'నీకూ తెలుసు, నాకూ తెలుసు' అని నిరూపించుకోవడమే వాటి పని. సందులో నిలబడినవాడు ఆ సందేశాలను పట్టి ఉంచుకుని, ఇంటికి వెళ్లి తీరిగ్గా ఒక్కొక్క పాస్‌వర్డ్‌నూ పరీక్షించుకోవచ్చు. రూటరుకు ఆ సంగతి తెలియదు. ప్రతి ఊహకూ 4,096 సార్లు లెక్క తిప్పేలా ప్రమాణం కావాలనే కష్టం పెట్టింది. అయినా సెకనుకు పది లక్షల ఊహలు పరీక్షించే గ్రాఫిక్స్ కార్డు అతని దగ్గర ఉందనుకోండి. మన దేశంలో మొబైల్ నంబరుకు పది అంకెలు, మొదటిది 6, 7, 8, 9లలో ఒకటి. కాబట్టి మొత్తం 400 కోట్ల నంబర్లు. పది లక్షలతో భాగిస్తే 4,000 సెకన్లు, అంటే 67 నిమిషాలు. ఒక సినిమా సగం చూసేలోపు పని అయిపోతుంది. అదే పన్నెండు చిన్న ఇంగ్లిషు అక్షరాలను ఏ అర్థమూ లేకుండా చీటీలు తీసి కూర్చారనుకోండి. 26ను పన్నెండుసార్లు గుణించి అదే లెక్క వేస్తే దాదాపు 3,000 సంవత్సరాలు. పొడవుకున్న బలం అది. పేరులో ఒక అక్షరం మార్చి ఎదురుగా 123 పెట్టడం ఈ లెక్కలో ఎందుకూ కొరగాదు. ఊహించేవాడు మొదట పరీక్షించేవి అవే.

రెండో బలహీనత లోపలివాడి నుంచి. దీన్ని చాలామంది పట్టించుకోరు. డబ్ల్యూపీఏ2లో ప్రతి ఫోన్‌కూ వేరే తాళంచెవి తయారవుతుంది, నిజమే. కాని ఆ తాళంచెవి దేనితో తయారవుతుంది? అందరికీ తెలిసిన పాస్‌వర్డ్, నెట్‌వర్క్ పేరు, రెండు పరికరాల చిరునామాలు, అప్పటికప్పుడు ఎంచుకున్న రెండు యాదృచ్ఛిక సంఖ్యలు. ఈ చివరి సంఖ్యలు గాలిలో బహిరంగంగానే వెళతాయి. అంటే పాస్‌వర్డ్ తెలిసిన పక్క గది కుర్రాడు మీరు చేరిన క్షణంలో ఆ నాలుగు సందేశాలను పట్టుకుంటే మీ తాళంచెవిని తానే తయారు చేసుకోగలడు. గోడ మీది పాస్‌వర్డ్ వీధివాళ్ల నుంచి మిమ్మల్ని కాపాడవచ్చు, మెట్ల మీదివాళ్ల నుంచి కాపాడదు. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఈ రెండు లోపాలనూ సరిదిద్దింది. అందులో పాస్‌వర్డ్ తెలిసినా మరొకరి తాళంచెవి తయారు కాదు, పట్టుకుపోయి ఇంట్లో ఊహించడమూ కుదరదు. 2020 జూలై నుంచి వై-ఫై ధ్రువీకరణ పొందే కొత్త పరికరాలకు అది తప్పనిసరి. పాత రూటరు మార్చమని ఇంటి యజమానిని అడగడం మాత్రం మీ నేర్పు.

మరి యూపీఎస్సీ దరఖాస్తు ఫీజు కట్టేటప్పుడు పక్క గది కుర్రాడు అన్నీ చూస్తున్నాడా? లేదు. ఇక్కడ రెండో తాళం మనల్ని ఆదుకుంటుంది. చిరునామా ముందు హెచ్‌టీటీపీఎస్ ఉన్న వెబ్‌సైటు మీ బ్రౌజరు దగ్గరి నుంచి తన కంప్యూటరు దాకా మొత్తం దారిని వేరే రహస్య లిపిలో నడుపుతుంది. వై-ఫై తాళం విరిగినా ఆ తాళం అలాగే ఉంటుంది. చూసేవాడికి మీరు ఏ సైటుకు ఎప్పుడు వెళ్లారో సాధారణంగా తెలుస్తుంది, అక్కడ ఏం రాశారో తెలియదు. అందుకే 'ఈ సైటు ధ్రువపత్రం సరిగా లేదు' అని బ్రౌజరు హెచ్చరిస్తే, తొందరలో దాన్ని దాటి ముందుకు వెళ్లకూడదు. ఆఖరి తేదీ రాత్రి పదకొండున్నరకు దరఖాస్తు నింపుతున్నప్పుడు సరిగ్గా ఆ తప్పే చేస్తాం. అలాంటప్పుడు ఫోన్‌లోని మొబైల్ డేటాకు మారడం మంచిది.

తాళమే లేకపోతే

2008 జూలై 26న అహ్మదాబాద్‌లో బాంబులు పేలడానికి కొద్ది నిమిషాల ముందు టీవీ చానెళ్లకు ఒక ఈ-మెయిల్ చేరింది. దాని జాడ పట్టుకుని పోలీసులు నవీ ముంబయిలో ఒక అమెరికా పౌరుడి ఫ్లాటుకు చేరుకున్నారు. తీరా చూస్తే అతని వై-ఫైకి తాళం లేదు. బయటి నుంచి వేరెవరో దాన్ని వాడుకుని మెయిల్ పంపారు. అదే ఏడాది సెప్టెంబరు 13న ఢిల్లీలో, ఈ ముఖర్జీ నగర్‌కు కొద్ది దూరంలోని కరోల్ బాగ్‌లోనూ, కనాట్ ప్లేస్‌లోనూ, గ్రేటర్ కైలాష్‌లోనూ పేలుళ్లు జరిగాయి. అప్పటి మెయిల్ ముంబయి చెంబూరులోని ఒక కంపెనీ వై-ఫై నుంచి వెళ్లింది. 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ వై-ఫై కనెక్షన్లను భద్రపరచాలని, వాడినవారెవరో గుర్తించే ఏర్పాటు ఉండాలని ఇంటర్నెట్ సంస్థలను ఆదేశించింది.

ఇక్కడ గ్రహించవలసింది ఇది. ఇంటర్నెట్ మీద మీ ఇంటికి కనిపించే చిరునామా ఒకటే. లోపల ఎంతమంది ఉన్నా బయటికి ఒకే గుమ్మం. ఎవరు ఏం చేసినా మొదట తట్టేది ఆ గుమ్మాన్నే. తాళం వేయడం మీ రహస్యాల కోసమే కాదు, ఇతరుల నేరాలు మీ గుమ్మానికి చుట్టుకోకుండా ఉండడానికి కూడా. అలాగే తాళం లేని ఎదురింటి వై-ఫైలోకి వారి అనుమతి లేకుండా దూరడమూ తప్పే. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం 43వ సెక్షన్ దీన్ని నిషేధిస్తుంది, దురుద్దేశంతో చేస్తే 66వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు. సరదాకి చేశాను అనే మాట అక్కడ చెల్లదు.

ఇదంతా విని, ఊరికే దొరికే వై-ఫై అంటేనే భయపడవద్దు. 2018లో ఎర్నాకుళం రైల్వే స్టేషన్‌లో సామాన్లు మోసే ఒక పోర్టరు, స్టేషన్ వై-ఫైలో పాఠాలు వింటూ కేరళ పబ్లిక్ సర్వీస్ కమిషన్ రాతపరీక్ష గట్టెక్కాడని పత్రికలు రాశాయి. పాఠం వినడానికి ఆ వై-ఫై భేషైనది. అక్కడ జాగ్రత్త ఒక్కటే. మీ ఫోన్ నెట్‌వర్క్‌ను పేరును బట్టి గుర్తుపడుతుంది. స్టేషన్ పేరే పెట్టి ఒక మోసగాడు తన సంచిలో మరో రూటరు పెట్టుకుని కూర్చుంటే, తాళం లేని నెట్‌వర్క్ విషయంలో మీ ఫోన్ తేడా కనిపెట్టలేక తనంతట తానే అందులో చేరవచ్చు. పని అయ్యాక ఆ పేరును ఫోన్‌లోంచి తొలగించడం, తనంతట చేరే అమరికను ఆపడం దీనికి విరుగుడు.

బల్బుకూ, కెమెరాకూ కూడా

ఒకప్పుడు నెట్‌వర్క్‌లో కంప్యూటర్లు మాత్రమే ఉండేవి. ఇప్పుడు కెమెరా, టీవీ, బల్బు, ప్లగ్గు, గుమ్మం గంట కూడా చేరాయి. కింద ఉన్న లైబ్రరీలో కుర్చీల వరసల మీద వేలాడే కెమెరాలన్నీ ఒక చిన్న కంప్యూటరుతో సమానం. కంప్యూటరుకైతే నవీకరణలు చేస్తాం. కెమెరాను గోడకు బిగించి మరచిపోతాం.

ఫలితం 2016లో ప్రపంచం చూసింది. మిరాయ్ అనే హానికర ప్రోగ్రాం ఇంటర్నెట్‌లో తిరుగుతూ కెమెరాలను, రూటర్లను వెదికి, ఫ్యాక్టరీలో పెట్టిన యూజర్ పేరు, పాస్‌వర్డ్ జంటలు ఓ అరవై మాత్రమే పరీక్షించేది. అంతే. ఏ గొప్ప గణితమూ లేదు. లక్షల పరికరాలు దాని వశమయ్యాయి. 2016 అక్టోబరు 21న అలాంటి పరికరాల దండు డిన్ అనే సంస్థ మీద పడితే అమెరికాలో ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ వంటి సైట్లు గంటల తరబడి అందలేదు. దాన్ని తయారు చేసినవారిలో ఒకడు కళాశాల విద్యార్థి. 2017లో న్యాయస్థానంలో నేరం ఒప్పుకున్నాడు.

మన టెలికమ్యూనికేషన్ ఇంజినీరింగ్ సెంటర్ 2021 ఆగస్టులో ఇలాంటి గృహ పరికరాల భద్రతకు ఒక నియమావళి వెలువరించింది. అన్ని పరికరాలకూ ఒకే ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ పెట్టరాదన్నది అందులో మొదటి సూత్రం. కెమెరాల విషయంలో 2024 ఏప్రిల్‌లో కేంద్ర ప్రభుత్వం భద్రతా పరీక్షలు తప్పనిసరి చేస్తూ నోటిఫికేషన్ ఇచ్చింది. ఆలస్యమైనా అవసరమైన పనే అని నా అభిప్రాయం. అయితే ఇప్పటికే గోడకు బిగించి ఉన్న పాత కెమెరాను ఏ నోటిఫికేషనూ దింపదు.

కెమెరా అనగానే అమ్మాయిలకు ప్రత్యేకంగా ఒక విషయం చెప్పాలి. 2024 సెప్టెంబరులో తూర్పు ఢిల్లీ షకర్‌పూర్‌లో సివిల్స్‌కు చదువుతున్న ఒక యువతి గదిలో బల్బు హోల్డర్లలో రహస్య కెమెరాలు దొరికాయి. ఇంటి యజమాని కొడుకును పోలీసులు అరెస్టు చేశారు. అవి మెమరీ కార్డులో దాచుకునే కెమెరాలు కాబట్టి వై-ఫై జాబితాలో కనిపించేవి కావు. ఆమెకు మొదట అనుమానం కలిగించింది వేరే సంగతి. తన వాట్సాప్ తెలియని ఒక ల్యాప్‌టాప్‌లో తెరిచి ఉన్నట్టు 'లింక్డ్ డివైసెస్' జాబితాలో కనిపించింది. ఆ జాబితాను వారానికోసారి తెరిచి చూడడానికి అర నిమిషం పడుతుంది. ఏదైనా అనుమానం ఉంటే దేన్నీ ముట్టుకోకుండా 112కు ఫోన్ చేయండి. డబ్బు మోసమైతే 1930కు.

రూటరు దగ్గర అయిదు నిమిషాలు

రూటరుకు రెండు పాస్‌వర్డ్‌లు ఉంటాయి. వై-ఫైలో చేరడానికి ఒకటి, రూటరు అమరికలు మార్చడానికి మరొకటి. రెండోదాన్ని చాలామంది ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే 'అడ్మిన్' అని వదిలేస్తారు. అప్పుడు గోడ మీది పాస్‌వర్డ్ తెలిసిన ఎవరైనా అమరికల పేజీ తెరిచి డీఎన్ఎస్ చిరునామా మార్చేయవచ్చు. డీఎన్ఎస్ అంటే సైటు పేరు చెబితే దారి చూపేవాడు. దారి చూపేవాడే దొంగ అయితే మీరు బ్యాంకు పేరు సరిగ్గానే టైపు చేసినా వేరే గుమ్మం ముందు నిలబడతారు. డీఎన్ఎస్ చేంజర్ అనే హానికర ప్రోగ్రాం ఇదే మోసంతో ప్రపంచవ్యాప్తంగా 40 లక్షల కంప్యూటర్లను దారి మళ్లించిందని 2011లో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ బయటపెట్టింది. కాబట్టి ముందు ఆ రెండో పాస్‌వర్డ్ మార్చాలి.

తరువాత డబ్ల్యూపీఎస్ అనే సౌకర్యాన్ని ఆపేయండి. పాస్‌వర్డ్ టైపు చేయనక్కరలేకుండా ఎనిమిది అంకెల పిన్‌తో చేరే ఏర్పాటు అది. ఎనిమిదో అంకె లెక్క సరిచూసేందుకు మాత్రమే, కాబట్టి ఏడు అంకెలు, కోటి అవకాశాలు ఉండాలి. కాని రూటరు మొదటి నాలుగు అంకెలు సరైనవో కాదో విడిగా చెప్పేస్తుంది, తరువాతి మూడు విడిగా. అందువల్ల కోటి కాస్తా 10,000 కూడిక 1,000, అంటే 11,000కు పడిపోయింది. 2011 డిసెంబరులో ఈ సంగతి బయటపడింది. గుణించవలసిన చోట కూడిక జరిగింది, అంతే తేడా.

నెట్‌వర్క్ పేరును దాచడం వల్ల లాభం లేదు, చేరే ప్రతి ఫోనూ ఆ పేరును గాలిలో పలుకుతూనే ఉంటుంది. దాని బదులు రూటరులో అతిథుల నెట్‌వర్క్ ఉంటే కెమెరాలు, బల్బుల వంటివాటిని అందులో పెట్టండి. ఒక బల్బు దొంగ చేతికి చిక్కినా మీ ల్యాప్‌టాప్ దాకా రాకుండా ఉంటుంది. ఇక నవీకరణలు. 2017 అక్టోబరులో బెల్జియం పరిశోధకుడు మాథీ వాన్‌హూఫ్ డబ్ల్యూపీఏ2లోని నాలుగు సందేశాల పద్ధతిలోనే ఒక లోపం కనిపెట్టాడు. పాస్‌వర్డ్ ఎంత పొడవుగా ఉన్నా దానికి అడ్డు కాదు. మందు ఒక్కటే, ఫోన్‌లోనూ రూటరులోనూ సాఫ్ట్‌వేర్ నవీకరణ. కంపెనీ నవీకరణలు ఆపేసిన ఫోన్‌కు ఆ మందు అందదు. సెకండ్‌హ్యాండ్ ఫోన్ కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో అడిగినట్టే, చివరి భద్రతా నవీకరణ ఏ తేదీదో కూడా అమరికల్లో చూడండి.

ప్రిలిమ్స్ అయిపోయాక ముఖర్జీ నగర్‌లో గదులు ఖాళీ అవుతాయి. పుస్తకాలు, కూలర్లు, మంచాలతోపాటు సొంతంగా కొనుక్కున్న రూటర్లు కూడా చేతులు మారతాయి. అందులో మీ నెట్‌వర్క్ పేరు, పాస్‌వర్డ్, కొన్నింటిలో ఇంటర్నెట్ ఖాతా వివరాలు కూడా నిలిచి ఉంటాయి. ఇచ్చేసే ముందు వెనకవైపు చిన్న రంధ్రంలో పిన్నీసు మొనతో పది సెకన్ల పాటు నొక్కి పట్టుకోండి. దీపాలన్నీ ఒకసారి ఆరి, మళ్లీ వెలుగుతాయి. అప్పుడిక ఆ పెట్టెకు మీరెవరో తెలియదు. కొనుక్కున్నవారు కూడా, ఎవరి మాటా నమ్మకుండా, అదే పని మరొకసారి చేయాలి.